అడవిదున్నకు చాలని తూటా

"శౌరీ, నీకూ టైము లేదు, నాకూ లేదు. దాచిందేదో ఇప్పుడే కక్కెయ్" అంది లీలాకుమారి.

లాకప్ ఊచల వెనక గొంతుక్కూర్చున్న శౌరి తల ఎత్తలేదు. యూసుఫ్‌గూడలో తుపాకులు బాగుచేసే కొట్టు అతనిది. లైసెన్సులున్న వాళ్ళకి మరమ్మతులు చేస్తాడు, సినిమా వాళ్ళకి ఉత్తుత్తి తుపాకులు అద్దెకిస్తాడు. నిర్మాత త్రినాథరావుని కాల్చి చంపింది ఇతనేనని నిన్న మధ్యాహ్నం పోలీసులు పట్టుకొచ్చారు. ఇవాళ సాయంత్రం మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. అక్కణ్ణించి జైలుకి వెళ్ళాడంటే మళ్ళీ బయటికి రావడం ఏళ్ళ మాట.

అతని భార్య అంతోనమ్మ పచ్చి బాలింత. పురిటి మంచం మీంచి లేచొచ్చి లీలాకుమారి గుమ్మంలో కూలబడింది. "అక్కా, మీరు డిటెక్టివ్ అంట గదా. నా బిడ్డ వాళ్ళ నాన్న మొహం కూడా సరిగ్గా చూళ్ళేదు" అంది. ఇంకేం అడగలేదు. ఆ మాట విన్నాక కాదనడం లీలాకుమారికి చేతకాలేదు. తన ఏడు నెలల పాపకి ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. మొగుడు కెమెరా అసిస్టెంటు, అరకులో అవుట్‌డోరు షూటింగులో ఉన్నాడు. కింది వాటాలో ఉండే కొమురమ్మ ఒళ్ళో పాపని పెట్టి వచ్చిందేగాని, వచ్చిన దగ్గర్నించీ ప్రాణం సగం ఇక్కడ, సగం అక్కడ.

"దాచిందేం లేదమ్మా. అంతా ఇన్‌స్పెక్టరు గారికి చెప్పేశాను" అన్నాడు శౌరి.

"ఆ చెప్పింది నేనూ విన్నాను. ఆఫ్రికాలో వేటకి వెడుతున్నానని త్రినాథరావుగారు నీ చేత ప్రత్యేకంగా రైఫిలు చేయించుకున్నారు. మూడొందల డెబ్బై అయిదు తూటాకి సరిపడేది. తయారయ్యాక ఆయన పంపారంటూ కారొచ్చి పట్టుకుపోయింది. మర్నాడు పొద్దున్నే ఆయన పోయారు. ఇంతేనా?"

"ఇంతే."

"మరి ఆ అంకె పలికినప్పుడల్లా నీ కళ్ళు గోడ మీదికి ఎందుకు పోతున్నాయి?"

లీలాకుమారి ఊచల దగ్గరికి జరిగింది. గొంతు తగ్గించి, "అంతోనమ్మకి నిన్నట్నించి పాలు పడటం లేదు. బిడ్డ ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లుతోంది. నేను నిన్ను బెదిరించడానికి చెప్పట్లేదు. చూసొచ్చాను కాబట్టి చెబుతున్నాను" అంది.

శౌరి తల ఎత్తాడు. అరచేత్తో మొహం తుడుచుకున్నాడు.

"375 ఆయన ఏరుకున్నదేనమ్మా. అది అబద్ధం కాదు. బల్ల మీద అయిదు రకాల తూటాలు వరసగా నిలబెట్టాను. ఆయన వాటి వంక చూడనన్నా చూళ్ళేదు. వాటి నెంబర్లు చెప్పమన్నారు. వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టుకున్నారు. మూడూ ఏడూ పది, అయిదూ పదిహేను, ఒకటీ అయిదూ ఆరు. నా అంకె ఆరు, ఇదే చేసి పెట్టు అన్నారు. నాకు లోపల నవ్వొచ్చింది. అయినా ఆయన అదృష్టమేమో, అడవిదున్నకి కావాల్సిందీ అదే. పొదల్లోంచి మీదికొచ్చే జంతువుని అక్కడికక్కడ నిలబెట్టాలంటే బరువైన గుండు ఉండాలి. భుజం మీద గుర్రం తన్నినట్టు తంతుంది, కానీ తప్పదు."

"ఊఁ, తర్వాత?"

"తర్వాత కొన్నాళ్ళకి కొట్టుకి ఫోనొచ్చింది. నేను త్రినాథరావుని, జలుబు చేసింది అన్నారు. గొంతు బొంగురుగా ఉంది. ఆఫ్రికా మానుకున్నాను, మంచుకొండల్లో కొండగొర్రెల వేటకి వెడుతున్నాను, నాలుగొందల గజాల నించి తగలాలి, తూటా మార్చు అన్నారు."

"మార్చావా?"

"దూరానికి బరువు పనికిరాదమ్మా. బరువైన గుండు పోగా పోగా చంక లోంచి బిందె జారినట్టు జారిపోతుంది. వేగం కావాలి. మూడు రకాలు చెప్పాను. మూడొందలు, మూడొందల ముప్పై ఎనిమిది, ఎనిమిది మిల్లీమీటర్ల మాగ్నం. మూడూ నేను చేసిన రైఫిలు బోల్టుకే పడతాయి, గొట్టం ఒక్కటి మారిస్తే చాలు. ముప్పై ఎనిమిదికి తన్ను ఎక్కువ, గురి అదురుతుంది. మూడొందల తూటాలైతే ఏ దేశంలో అయినా దొరుకుతాయి, అది తీసుకోండి బాబూ అన్నాను. నా మాట పూర్తికానివ్వలేదు. ఎనిమిది ఖాయం చెయ్, అది నాకు అచ్చొచ్చిన అంకె అన్నారు. గొట్టమూ తూటాలూ బొంబాయి నించి పార్సెల్లో వచ్చాయి. బిగించి ఇచ్చాను."

"ఇది పోలీసులకి ఎందుకు చెప్పలేదు?"

"లైసెన్సు 375కి కదమ్మా. వేరే గొట్టం బిగించానంటే అదొక నేరం. హత్య నేను చెయ్యలేదు, అది ఎలాగూ తేలిపోతుంది, ఇది మటుకు మెడకి చుట్టుకుంటుంది అనుకున్నాను."

"శౌరీ, కొండగొర్రె ఎంత బరువుంటుంది?"

"ఎంతమ్మా, మహా అయితే ఒక మనిషంత..." అని ఆగిపోయాడు. నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. ఆ నాలుగొందల గజాలూ, ఆ తేలిక గుండూ దేనికోసమో అతనికి అప్పుడు తట్టింది.

వెనకనించి చప్పట్లు వినబడ్డాయి. ఇన్‌స్పెక్టరు సత్యనారాయణమూర్తి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. ఖాకీ చొక్కా జేబులో ఎర్ర పెన్సిలు, మొహం మీద వెటకారం, రెండూ ఎప్పుడూ ఆయన కూడా ఉంటాయి.

"బావుందమ్మా లీలాకుమారీ. ఒకటి చెబితే రెండోది, రెండోది చెబితే మూడోది. నాకు తెలీని నేరం ఒకటి ఒప్పించావు, థాంక్స్. మర్డరు కూడా నువ్వే ఒప్పించేస్తే మాకు కాస్త విశ్రాంతి."

"ఇతను ఎందుకు చంపుతాడండీ?"

"పోయినేడు ఇతనిచ్చిన ఉత్తుత్తి తుపాకి పేలి హీరో చెయ్యి కాలింది. ఆ రోజు నించీ త్రినాథరావు ఏ సినిమాకీ ఇతన్ని పిలవలేదు. ఫిల్మ్ నగర్‌లో నలుగురి ముందూ ఇద్దరూ తిట్టుకున్నారు. చాలదా?"

"పిలవని మనిషి చేతే రైఫిలు ఎందుకు చేయించుకున్నారు మరి?"

ఇన్‌స్పెక్టరు టోపీ పెట్టుకున్నాడు. "నేను వాళ్ళింటికే వెడుతున్నాను. జీపులో చోటుంది. పాలడబ్బా, ఉగ్గుగిన్నె ఏమన్నా ఉంటే తెచ్చుకో."

వెటకారానికి ఆవిడ ఒళ్ళు మండింది. జీపు మాత్రం ఎక్కింది. ఆటో కోసం నిలబడే టైము ఎక్కడిది.

* * *

జూబ్లీ హిల్స్‌లో త్రినాథరావు ఇంటి గేటులోంచి సరిగ్గా అప్పుడే తెల్ల కాంటెస్సా కారొకటి బయటికొస్తోంది. జీపుని చూసి ఆగింది. వెనక సీట్లోంచి దిగినాయన చలపతిరావు. పోయినాయనకి బావమరిది, ఆయన భార్య శ్యామలాదేవికి అన్నగారు, సినిమాల్లో భాగస్తుడు. తెల్ల లాల్చీ, ఏడ్చి ఉబ్బిన కళ్ళు.

"ఏమండీ ఇన్‌స్పెక్టరు గారూ, ఇంకా ఏం చూడాలి? వాడు దొరికాడుగా" అని, లీలాకుమారి వైపు తిరిగాడు. "నువ్వేనా అమ్మా ఆ తుపాకులవాడి తరఫున తిరుగుతున్నావు? చంటిబిడ్డ తల్లిలా ఉన్నావు. భుజం మీద కాటుక మరక."

లీలాకుమారి గబుక్కున పమిట సర్దుకుంది. "అవునండీ. పాపకి జ్వరం."

"అయ్యో. ఎవరు చూసుకుంటున్నారు?"

ఎవరన్నా పాప సంగతి అడిగితే చాలు, ఆమెకి మాట ఆగదు. "యూసుఫ్‌గూడలో పిండిమర పక్క డాబానండీ మాది. కింద కొమురమ్మ అని ఒకావిడ ఉంది. పొద్దెక్కాక డాబా మీద ఎండలో పడుకోబెడితే జ్వరం దిగుతుందంటుంది. ఏమిటో, నా మనసంతా అక్కడే ఉంది."

"మరి వెళ్ళిపోరాదూ? ఇక్కడ నువ్వు తేల్చేదేముంది?"

"ఒక్కటేనండీ. త్రినాథరావుగారి పేరు చెప్పి శౌరికి ఫోను చేసిందెవరో తేల్చుకుని వెళ్ళిపోతాను."

చలపతిరావు తల ఊపాడు. మెల్లగా కారెక్కి వెళ్ళిపోయాడు.

గేటు మూస్తూ వాచ్‌మన్ వెంకటనర్సయ్య గొణిగాడు. "పెద్దసారు పోయిండు, ఇంటి కాయిదా గూడ పోయింది."

"ఏం కాయిదా తాతా?" అంది లీలాకుమారి.

"గీ కారు లోపల్కి రావొద్దని పెద్దసారు ఆర్డరమ్మా. ఇన్నేండ్ల సంది గాడ్నే, గా వేపచెట్టు కింద ఆపేటోడు. బామ్మర్దైనా సరే, నడిసే రావాలె. పెద్దసారు సచ్చిన్నాడు పొద్దుగాల, శవం ఇంక లేపనే లేదు, కారు సక్కగ పోర్టికోల వెట్టిండు. నేనేం జేస్త, గేటు తీసిన."

"ఎందుకు రావొద్దన్నారు?"

"గయన్ని పెద్దోళ్ళ ముచ్చట్లు. అమ్మగార్ని అడుగుండ్రి."

ఇన్‌స్పెక్టరు అప్పటికే మెట్లెక్కుతున్నాడు.

* * *

డాబా శుభ్రంగా ఉంది. తూర్పు పిట్టగోడ దగ్గర కడప బండ ఒకటి, దాని మీద పాదాలంత మేర నున్నగా అరిగింది. రోజూ త్రినాథరావు అక్కడే నిలబడి సూర్యుడికి అర్ఘ్యం వదిలేవాడు. ఆ రోజూ చెంబుతో నీళ్ళు వదులుతుంటేనే గుండు తగిలింది. ఎదురుగా లోయ, లోయకి అవతల ఫిల్మ్ నగర్ వైపు బండరాళ్ళు, సగం కట్టి వదిలేసిన ఇల్లు. అక్కణ్ణించి ఇక్కడికి నాలుగొందల గజాలు ఉంటుందని పోలీసులే కొలిచారు.

కడప బండకి వెనక, మెట్లగదికి టేకు తలుపు. దానికి గుండ్రటి కన్నం.

"రెండు సార్లు కాల్చాడు" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "మొదటిది తప్పిపోయి ఈ తలుపులోంచి దూరి గోడకి తగిలింది. చితికిన గుండు లాబ్‌కి పంపాం. రెండోది గుండెల్లోకి. ఇంకేం కావాలి నీకు?"

"మీ జేబులో పెన్సిలు."

"ఎందుకు?"

"ఇవ్వండి, తినేయనులెండి."

ఇచ్చాడు. లీలాకుమారి పెన్సిలు కన్నంలో పెట్టింది. కొత్త గాజు ముంజేతికి ఎక్కినట్టు బిగుతుగా జారింది. అటూ ఇటూ కదిపి చూసింది, కదలలేదు.

"375 గుండైతే ఇందులో పెన్సిలు వదులుగా ఆడాలి. శౌరి చెప్పింది నిజమే. ఇది ఎనిమిది."

"అయితే మరీ మంచిది. వాడు బిగించిన గొట్టమే, వాడు పేల్చిన గుండే."

"త్రినాథరావుగారు అడగని గొట్టం కూడానండీ."

"ఆయన అడగలేదని నీకెవరు చెప్పారు? నీకేమన్నా కల్లో కనిపించాడా?"

మెట్లగదిలో అలికిడైంది. శ్యామలాదేవి వచ్చి తలుపు పట్టుకు నిలబడింది. పదోరోజు ఇంకా రాలేదు, నుదుట బొట్టు అలాగే ఉంది. ఆవిడ మొహం చూడలేక లీలాకుమారి కళ్ళు దించుకుంది.

"శ్యామల గారూ, ఒక్క మాట అడుగుతాను, ఏమనుకోకండి. మీ వారికి ఎనిమిది అంకె అంటే ఎలా ఉండేది?"

ఆవిడ ఉలిక్కిపడింది. చెయ్యి దానంతటదే మంగళసూత్రం మీదికి పోయింది. "ఈ ఇంట్లో ఆ మాట పలకరమ్మా. ఏడు తర్వాత ఏడూ ఒకటీ అంటాం. పాలవాడు కూడా అలాగే లెక్క చెబుతాడు. ఆయన సినిమాల్లో క్లాపు కొట్టేటప్పుడు సీను ఏడు, తర్వాత ఏడు ఏ, ఆ తర్వాత తొమ్మిది. కొత్త డైరెక్టరు ఒకాయన తెలీక ఎనిమిదో సీనని రాయిస్తే ఆ రోజు షూటింగే ఆపేశారు."

"మరి నెలలో ఎనిమిదో తారీఖు వస్తే?"

"గడప దాటేవారు కాదు. పీడ పోవాలని ఆ రోజు అర్ఘ్యం చాలాసేపు వదిలేవారు. ఎంతో సేపు..." ఆవిడ కడప బండ వైపు చూసింది. "ఆ బండ మీంచి కదిలేవారే కాదు."

ఆయన పోయింది ఎనిమిదో తారీఖునే.

ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకున్నాడు. "ఇవన్నీ చాదస్తాలమ్మా. కోర్టులో జడ్జిగారు నవ్వుతారు."

"చాదస్తమేనండీ. కానీ ఆ చాదస్తం ఉన్న మనిషి చేజేతులా ఎనిమిది మిల్లీమీటర్ల తుపాకి చేయించుకుంటాడా? శౌరి చర్చికి వెళ్ళే మనిషి, అతనికి ఈ అంకెల గొడవ పట్టదు, అందుకని ఫోనులో ఆ మాట విన్నా అనుమానం రాలేదు. మీకూ పట్టదు. ఫోను చేసినవాడికి మటుకు పట్టింది. బోలెడు రకాలుండగా ఎనిమిదే కావాలన్నాడు, అచ్చొచ్చిన అంకె అన్నాడు. మనిషిని చంపే తూటాని కూడా ముహూర్తం షాటు పెట్టినట్టు తన అంకె చూసి పెట్టుకున్నాడు." లీలాకుమారి శ్యామలాదేవి వైపు తిరిగింది. "శ్యామల గారూ, ఎనిమిది కలిసొచ్చే మనిషి మీకెవరన్నా తెలుసా?"

శ్యామలాదేవి కింద గేటు బయట వేపచెట్టు వైపు చూసింది. ఇన్నేళ్ళూ ఆ కారు ఆగింది అక్కడే.

"మా అన్నయ్య" అంది చివరికి. "పదిహేడున పుట్టాడు. కారు నెంబరు కలిపితే అదే. సినిమా మొదలెట్టినా అదే రోజు. తన అంకె కాని రోజున కొత్త చొక్కా కూడా తొడగడు. ఈయనకేమో అది చూస్తే కంపరం. నీ కారు నా గేటులో పెట్టకు అన్నారు. పోయిన నెల, నీ పేరు నా సినిమాల మీద ఉండటం వల్లే నష్టాలు, తీసేస్తున్నాను అన్నారు. అన్నయ్య నవ్వేసి ఊరుకున్నాడు. నేనూ నవ్వే అనుకున్నాను." ఒక్క క్షణం ఆగి, "ఆఫ్రికా వేట సంగతీ, తుపాకి సంగతీ ఆయన ఒక్క అన్నయ్యకే చెప్పారు. ఆ శౌరి మంచి పనివాడు బావా, పాత కోపాలు మనసులో పెట్టుకోకు, వాడి చేతే చేయించుకో అని అన్నయ్యే సర్దిచెప్పాడు" అంది.

ఇన్‌స్పెక్టరు మొహంలో వెటకారం కాస్త పక్కకి తప్పుకుంది. "సాక్ష్యం కావాలమ్మా. తుపాకి కావాలి. కారు నెంబరు చూపించి అరెస్టు చేస్తే నన్ను సస్పెండ్ చేస్తారు." అంటూనే కిందికి వెళ్ళాడు. స్టేషనుకి ఫోను చెయ్యడానికి కాబోలు అనుకుంది లీలాకుమారి.

అప్పుడే ఫోను మోగింది. మెట్లగదిలో ఒకటి, కింద హాల్లో ఒకటి, రెండూ కలిసి మోగాయి. శ్యామలాదేవి తీసింది. విని, అయోమయంగా లీలాకుమారికి అందించింది. "నీకేనట."

"హలో."

"లీలాకుమారి గారా?" జలుబు చేసిన గొంతు, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నట్టుంది. "పాపకి జ్వరం ఎలా ఉంది?"

పాపకి పాలిచ్చే వేళ దాటిపోయి పొద్దుట్నించీ ఆమె గుండెలు సలుపుతున్నాయి, ఆ సలుపు కూడా ఆగిపోయినట్టయింది.

"ఎవరు మీరు?"

"డాబా మీద తాడుకి ఎర్ర దుప్పటి ఆరేశారు. గాలికి ఊగుతోంది. దాని కింద నులకమంచం. దూరం నించి కూడా ఎంత బాగా కనిపిస్తోందో. వాడి మానాన వాణ్ణి జైలుకి పోనీ. నువ్వు ఇంటికి పో. సాయంత్రానికల్లా కేసు వదిలేశానని చెప్పు."

లీలాకుమారి నోరు పెగల్లేదు. పెగలకపోబట్టే ఆ గొంతు వెనక వినిపిస్తున్నది వినగలిగింది. ఫట్ ఫట్ ఫట్ అని తోలుపట్టా కొట్టుకుంటున్న చప్పుడు. పొద్దున లేస్తే ఆమె వంటింటి గోడకి తగిలే చప్పుడు. పిండిమర.

అవతల ఫోను పెట్టేశారు.

మెట్లమీద బూట్ల చప్పుడు. ఇన్‌స్పెక్టరు రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చాడు. "కింద ఫోను ఎత్తి విన్నాను. మొత్తం విన్నాను. పాప సంగతి నువ్వు చెప్పింది ఎవరికి?"

"గేటు దగ్గర చలపతిరావుగారికి, ఆయనొక్కడికే." లీలాకుమారి తన నోటిని తను కొట్టుకున్నట్టు చేత్తో మూసుకుంది. వెంటనే తీసేసి ఫోను తిప్పడం మొదలెట్టింది. పిండిమర సుబ్రహ్మణ్యం దగ్గర ఫోనుంది. "మా మర ఎదురుగా ఉన్నాడు. పట్టా చప్పుడు వినపడింది. మీ జీపు తియ్యమనండి."

"ఆగమ్మా, ఒక్క నిమిషం ఆలోచించు." ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇప్పుడు జీపు వెడితే పారిపోతాడు, తుపాకి మాయమైపోతుంది. ఇవాళ పదహారు. ఒకటీ ఆరూ ఏడు. శ్యామల గారు చెప్పారుగా, తన అంకె కాని రోజున కొత్త చొక్కా కూడా తొడగడు. రేపు పదిహేడు. ఏదన్నా చేస్తే రేపే చేస్తాడు. రాత్రికి మఫ్టీలో మనుషుల్ని పెడతాను, తుపాకితో సహా పట్టుకుందాం. అప్పటిదాకా అక్కడ అంతా మామూలుగా ఉండాలి. డాబా, దుప్పటి, అన్నీ."

ఇందాక చాదస్తమని నవ్విన మనిషి.

"నమ్మకం మీది ఇన్‌స్పెక్టరు గారూ" అంది లీలాకుమారి. "బిడ్డ నాది. చెయ్యి తియ్యండి."

తీశాడు.

ఫోను మోగింది. అవతల ఎవరూ ఎత్తలేదు, మళ్ళీ మోగింది. సుబ్రహ్మణ్యం ఎత్తాడు. మర చప్పుడులో ఆయనకి ఏం వినబడట్లేదు. "కొమురమ్మని పిలవండి" అని ఆమె గొంతు చించుకుంది. రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడు. ఫట్ ఫట్ ఫట్. ఇందాకటి చప్పుడే, మరింత దగ్గరగా. ఆమె వేలికి ఫోను తీగ చుట్టుకుంటోంది, విప్పుతోంది, మళ్ళీ చుట్టుకుంటోంది. మధ్యలో కరెంటు పోయిందేమో, మర ఒక్కసారిగా ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఆమె ఊపిరి ఆమెకే వినపడింది.

తర్వాత పాప ఏడుపు. గుక్కపట్టి, ఆకలేడుపు. లోకంలో అంత తియ్యటి ఏడుపు ఆమె ఎన్నడూ వినలేదు.

"ఏంది లీలమ్మా?" కొమురమ్మ గొంతు. "ఫికర్ జెయ్యకు, జరం దిగింది. ఆకలికి ఏడుస్తుంటే గిప్పుడే డాబా మీదికెళ్ళి ఎత్తుకొచ్చిన. పాలు కలుపుదామని."

"కొమురమ్మా, పైకి పోకు. లోపలింట్లో కూర్చుని తలుపేసుకో. కిటికీ దగ్గరికి కూడా పోకు. నేనొస్తున్నా."

"అట్లనే గాని, గదొక్కటి అడగాలె. బిడ్డనెత్తుకొని రెండు మెట్లు దిగిన్నో లేదో, దుప్పటి పట్‌మని కొట్టుకున్నది. మర సప్పుడుల ఇంకేం ఇనవడలే, గాలనుకున్న. బిడ్డకు సలి వెడ్తదని గుంజుకొచ్చి కప్పిన. ఇప్పుడు జూస్తే నడిమిట్ల బొక్క. పొద్దుగాల లేదు. పెన్సిలు పట్టేటంత ఉన్నది, సుట్టూత జరంత నల్లవడ్డది. గిదెట్ల వడ్డది?"

లీలాకుమారి రిసీవరు చెవికి దూరంగా పట్టుకుంది, ఇన్‌స్పెక్టరుకి కూడా వినపడాలని. ఆయన విన్నాడు. లాకప్‌లో తాళం వెనక శౌరి ఉండగానే ఆ తుపాకి మళ్ళీ పేలింది. సాయంత్రం మేజిస్ట్రేటు ముందు ఇంక నిలబెట్టడానికి మనిషి లేడు.

ఆయన పెదాలు మెల్లగా కదులుతున్నాయి. పదహారు. ఒకటీ ఆరూ. కుడిచేతి వేళ్ళ మీద లెక్క ఏడు దగ్గరికొచ్చి ఆగిపోయింది.

"ఆయన లెక్క వదిలేశాడండీ" అంది లీలాకుమారి, అప్పటికే మెట్లు దిగుతూ. "ఇంక ఏ రోజైనా ఆయనదే."